మిర్చి కోల్డ్ స్టోరేజీకి ట్రిటియం ఎగ్జిట్ బోర్డు: వస్తువు మంచిదే, తతంగమే పెద్దది

గుంటూరు ఏసీ గోడౌన్ల ఛాంబర్లలో, కరెంటు లేకుండా ట్రిటియంతో (రేడియోధార్మిక హైడ్రోజన్) వెలిగే ఎగ్జిట్ బోర్డులు పెట్టుకుంటే ఎలా ఉంటుందని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈ రివ్యూ. ముందే చెప్పేస్తే, వస్తువుగా దానికి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. కొనుగోలుగా చూస్తే మాత్రం ఒకటిన్నర దాటదు.

బోర్డు లోపల అక్షరాల ఆకారంలో సన్నని గాజు గొట్టాలుంటాయి. గొట్టం లోపలి గోడకి జింక్ సల్ఫైడ్ జాతి ఫాస్ఫర్ (కణాలు తగిలితే వెలిగే పదార్థం) పూత పూసి, ట్రిటియం వాయువు నింపి కొసలు మూసేస్తారు. ట్రిటియం విడిచే బీటా కణాలు, అంటే ఎలక్ట్రాన్లు, పూతని తాకినప్పుడల్లా పచ్చటి వెలుగు వస్తుంది. ఆ కణాల గరిష్ఠ శక్తి 18.6 కిలో ఎలక్ట్రాన్ వోల్టులే. గాలిలోనే ఆరు మిల్లీమీటర్లు దాటలేవు, ఇక గాజు సంగతి చెప్పక్కర్లేదు. పగలనంతకాలం దాని కింద నిలబడి రోజంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపినా ఏమీ కాదు.

మిర్చి ఛాంబరుకి ఇది నప్పడానికి కారణం ఉంది. అక్కడ సరుకు ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు తప్ప లైట్లు వెయ్యరు. చీకట్లో మెరిసే స్ట్రాన్షియం అల్యూమినేట్ స్టిక్కర్లకి ముందు వెలుగు తగలాలి కదా, నెలల తరబడి చీకట్లో ఉంటే అవి ఉత్త ప్లాస్టిక్ ముక్కలే. బ్యాటరీ లోపలే ఉండే ఎల్‌ఈడీ బోర్డులేమో చలికీ తేమకీ తొందరగా దెబ్బతింటాయి. ట్రిటియానికి ఈ రెండు బాధలూ లేవు.

వెలుగు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అమెరికా భవన నియమావళి ఇలాంటి బోర్డుకి అడిగే కనీస వెలుగు చదరపు మీటరుకి 0.21 కాండెలా. చీకటికి అలవాటుపడ్డ కంటికి అది చాలు. లైట్లున్న వరండాలోంచి అప్పుడే లోపలికొచ్చినవాడికి ఒక్క క్షణం ఏమీ కనపడదు, పొగలో ఇంకా కష్టం. పైగా మన దగ్గర కారం దుమ్ము పలకని కమ్మేస్తుంది, తడిగుడ్డతో తుడవాల్సిందే.

ట్రిటియం అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 12.3 ఏళ్లు కాబట్టి ఐదేళ్లకి అది 75 శాతానికి, పదేళ్లకి 57 శాతానికి పడిపోతుంది. ఫాస్ఫర్ కూడా అరుగుతుంది గనక వెలుగు ఇంకాస్త వేగంగా తగ్గుతుంది. అందుకే లేబుల్ మీద తయారీ తేదీ చూడకుండా డబ్బు కట్టొద్దు. రెండేళ్లు గోడౌనులో పడున్న బోర్డు అంటే పదో వంతుకి పైగా అప్పుడే కరిగిపోయినట్టే.

అసలు భయం తలుపు పైన ఉంటుంది. ముఠావాళ్లు నెత్తిన టిక్కీతో బయటికొచ్చే ఎత్తులోనే బోర్డు వేలాడుతుంది, దెబ్బ తగలడం ఖాయం. గొట్టం పగిలితే వాయువు చాలావరకు పీల్చి వదిలేస్తాం, ఒంట్లో నిలవదు. అదే తేమతో కలిసి ట్రిటియం నీరైతే, అంతే రేడియోధార్మికతకి ఒంటికి తగిలే డోసు పదివేల రెట్లు. ఫ్యాన్లు గాలిని లోపలే తిప్పే మూసిన ఛాంబరులో, తినే సరుకు మధ్య, ఈ పని ఎవరికి కావాలి? పగిలితే ముక్కలు ముట్టకుండా అందర్నీ బయటికి పంపి, తలుపులు తీసి, బయటి గాలి ఆడనిచ్చి, సరఫరాదారుకీ ఏఈఆర్‌బీకీ (అణుశక్తి నియంత్రణ మండలి) చెప్పాలి. ట్రిటియం ఎక్కడ ఎంత అంటుకుందో మామూలుగా రేడియేషన్ కొలిచే గైగర్ మీటరు చెప్పలేదు. అక్కడ తుడిచిన కాగితాన్ని ల్యాబులోని లిక్విడ్ సింటిలేషన్ కౌంటరులో పెట్టి కొలవాలి.

ఇక కాగితాలు. అణు బాంబు శక్తిని పెంచడానికి ట్రిటియం వాడతారు కాబట్టి అణు సరఫరాదారుల బృందం (ఎన్‌ఎస్‌జీ) అనే దేశాల కూటమి దాన్ని ద్వంద్వ వినియోగ జాబితాలో, అంటే మామూలు పనులకీ ఆయుధాలకీ పనికొచ్చే వస్తువుల జాబితాలో పెట్టింది. ఒక్కో పరికరంలో 40 క్యూరీల (క్యూరీ రేడియోధార్మికతకి కొలమానం) కంటే, అంటే 1,480 గిగాబెకరెల్ కంటే తక్కువుంటే ఆ జాబితా వర్తించదు. బరువులో చూస్తే అది నాలుగు మిల్లీగ్రాములు! ఎగ్జిట్ బోర్డులో మామూలుగా పది నుంచి పాతిక క్యూరీలుంటాయి. ‘40 లోపే, ఏ లైసెన్సూ అక్కర్లేదు’ అని అమ్మేవాళ్లు చెప్పేది ఇక్కడినుంచే, కానీ అది సగం నిజం. ఆ మినహాయింపు ఒక్క జాబితాకే. అమ్మే దేశపు అణు నియంత్రణ సంస్థ నిబంధనలు వేరు, మన వైపు ఏఈఆర్‌బీ అనుమతి వేరు. దరఖాస్తు ఏఈఆర్‌బీ ఆన్‌లైన్ పోర్టల్ ఈ-లోరాలో పెట్టాలి. చేతిలో అనుమతి లేకుండా సరుకు తెప్పిస్తే కస్టమ్స్‌లోనే ఆగిపోతుంది.

రవాణాలో ఇంకో మెలిక. తక్కువ రేడియోధార్మికత ఉన్న పార్సిళ్లకి నిబంధనలు సడలించే మినహాయింపు ప్యాకేజీగా, యూఎన్ 2911 అనే రవాణా నంబరు కింద పంపాలంటే ఒక్కో బోర్డులో 0.8 టెరాబెకరెల్, అంటే 21.6 క్యూరీలు మించకూడదు. పెట్టె మొత్తానికి పరిమితి 8 టెరాబెకరెల్. ఇరవయ్యేళ్ల గ్యారంటీ బోర్డు పాతిక క్యూరీలదైతే టైప్-ఏ అనే, పరీక్షలకి నిలిచే గట్టి ప్యాకింగు కావాలి, ఖర్చు పెరుగుతుంది. తక్కువ ఏళ్ల బోర్డు తీసుకుంటే ఈ గొడవ తప్పుతుంది.

ఎవరూ ముందుగా ఆలోచించనిది చివరి రోజు గురించి. వెలుగు చచ్చిన బోర్డులో కూడా ఇంకా క్యూరీల కొద్దీ ట్రిటియం ఉంటుంది. పాత ఇనుము బండికి వెయ్యకూడదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారులో కోబాల్ట్-60తో ఏమైందో తెలిసిందే. తయారీదారుకే తిప్పి పంపుదామంటే, అది మన దేశం నుంచి ఎగుమతి అవుతుంది. మన దేశపు ఎగుమతి నియంత్రణ జాబితా స్కోమెట్‌లో అణు పదార్థాలది సున్నా వర్గం, లైసెన్సు అధికారం అణుశక్తి శాఖది. అందుకని కొనేముందే మూడు రాయించుకోవాలి: ఒక్కో బోర్డులో ఎన్ని క్యూరీలు, తయారీ తేదీ, ఆయువు తీరాక ఎవరి ఖర్చుతో, ఎవరి లైసెన్సుతో వెనక్కి తీసుకెళ్తారో. మూడోదానికి ‘అప్పుడు చూద్దాం లెండి’ అని జవాబొస్తే ఆ కొటేషన్ పక్కన పడెయ్యొచ్చు.

మన ఛాంబర్లకి మా సిఫార్సు ఎల్‌ఈడీనే, కాకపోతే బ్యాటరీ లోపల వద్దు. తేమ చొరని ఎల్‌ఈడీ పలక ఒక్కటే లోపల తలుపు పైన పెట్టి, చుట్టూ ఇనుప జాలీ బిగించాలి. బ్యాటరీ, ఛార్జరు బయటి వరండాలో ఉండాలి. వైరు వెళ్లే పైపుని ఇన్సులేషన్ దగ్గర చుట్టూ పీయూ (పాలీయురేథేన్) ఫోముతో, పైపు లోపల వైరు చుట్టూ ఉన్న ఖాళీని వరండా వైపు నోటి దగ్గర సిలికానుతో మూసెయ్యాలి. లేకపోతే బయటి వేడిగాలి పైపులోంచి దూరి, నీరై, పలకలోకి కారుతుంది. నెలకోసారి మెయిన్ ఆపి, బోర్డు కనీసం అరగంట వెలుగుతోందో లేదో గడియారం పెట్టుకుని చూడాలి.