లివా ఇసుకకు రెండుసార్లు, మధ్యలో ఒక కంప్రెసర్

పోయిన జనవరిలో అబుదాబి ఎడారిలోని లివా నుంచి తిరిగొస్తూ, తారు రోడ్డు ఎక్కే చోట బండి ఆపి టైర్లకు గాలి కొడుతున్నాను. బ్యాటరీకి క్లిప్పులు పెట్టుకునే చిన్న కంప్రెసర్. రెండు టైర్లు బాగానే ఎక్కాయి. మూడో టైరు సగంలో ఉండగా టక్కుమని ఆగిపోయింది. చెయ్యి పెడితే దోసె పెనంలా ఉంది. చల్లారేదాకా అరగంట ఆగాం, మళ్లీ పెడితే నాలుగు నిమిషాలు ఆడి మళ్లీ ఆగింది. చీకటి పడింది, చలిగాలి మొదలైంది, వెనక సీట్లో పిల్లలు నిద్రపోయారు, మా ఆవిడ మాత్రం పోలేదు. చివరికి ఒక టైరులో 15 పీఎస్ఐ (టైరు గాలి ఒత్తిడి కొలత) తోనే, నలభై స్పీడు దాటకుండా, లివాలోని మెజైరా ఊరి దాకా పాతిక కిలోమీటర్లు పాక్కుంటూ వచ్చాం. అక్కడ బంకులో గాలి గొట్టం దగ్గర మా ముందు ఏడు పెట్రోల్ బండ్లు. నిస్సాన్ పెట్రోల్ అన్నమాట, ఇసుకలో తిరిగేవాళ్లలో సగం మంది బండి అదే.

ఇసుకలో గాలి ఎందుకు తీస్తారో తెలియనివాళ్లు ఒంటె పాదం చూడాలి. అడుగు వేసినప్పుడు పాదం పరుచుకుంటుంది. టైరూ అంతే. 35 పీఎస్ఐలో ఇసుకను కోసుకుంటూ దిగిపోయే టైరు, 15కి దించితే పొడుగ్గా పరుచుకుని పైపైన తేలుతుంది. మరీ మెత్తటి చోట 12కి దించుతాం. 10 కంటే తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం. అదే మెత్తటి టైరుతో తారు రోడ్డు మీద వంద స్పీడులో పోతే పక్కగోడలు వేడెక్కి పేలిపోతాయి. అందుకే దించిన ప్రతిసారీ ఎక్కించక తప్పదు.

ఇంటికొచ్చాక ఒక తీర్మానం చేసుకున్నాను: బండికే కంప్రెసర్ బిగించాలి. మాది హైలక్స్, 2.7 పెట్రోల్, 17 అంగుళాల చక్రాలు. కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో టైరు లోపల సుమారు 55, 60 లీటర్ల చోటు. 15 నుంచి 35కి ఎక్కించాలంటే ఇంకో 80 లీటర్ల బయటి గాలి లోపలికి తొయ్యాలి. ఆస్ట్రేలియా కంపెనీ ఏఆర్‌బీ వాళ్ల సింగిల్ మోటారు, టైరులో ఒత్తిడి ఎదురొస్తున్నప్పుడు నిమిషానికి 60 లీటర్ల దాకా ఇస్తుంది, రెండు మోటార్లుండే ట్విన్ అయితే 130. అంటే కాగితం మీద సింగిల్‌కు నిమిషంన్నర లోపు, ట్విన్‌కు నలభై సెకన్లు. గొట్టంలో, వాల్వులో పోయేది కలుపుకుంటే ఇంకా ఎక్కువే పడుతుంది.

స్నేహితులందరూ ట్విన్నే తీసుకో అన్నారు. నేను సింగిల్ తీసుకున్నాను, ఇప్పటికీ పశ్చాత్తాపం లేదు. ట్విన్ యాభై ఆంపియర్ల పైన లాగుతుంది, సింగిల్‌కు ఇరవై చిల్లర చాలు. తీగ సన్నం, చోటు తక్కువ, ధర తక్కువ. 35 అంగుళాల టైర్లున్నవాళ్లకు, పది బండ్ల గుంపును వెనకేసుకుని తిరిగేవాళ్లకు ట్విన్ సరే. నాలుగు మామూలు టైర్లకు అదనంగా మిగిలే మూడు నాలుగు నిమిషాల కోసం అంత ఖర్చెందుకు?

గాలి నిల్వ చేసుకునే ట్యాంకు కూడా వద్దనుకున్నాను. చిన్న ట్యాంకు పెడితే టైర్లు తొందరగా నిండుతాయని చాలామంది భ్రమ. మన ఇళ్లలో బోరు మోటారు సంగతే ఇది. మోటారు చిన్నదైతే డాబా మీద ట్యాంకు ఉన్నా, మొదటి రెండు బకెట్లు జోరుగా వచ్చి ఆ తర్వాత మోటారు ఎంత తోడితే అంతే. నాలుగు లీటర్ల ట్యాంకు టైరుకు ఏ మూలకూ రాదు. ఫిల్టరు మీద దుమ్ము ఊదుకోవడానికి బాగుంటుంది, అంతే.

అసలు తప్పు ఆ తర్వాత చేశాను. అబుదాబి పక్కన గ్యారేజీలుండే ముసఫాలో ఒక పెద్ద గ్యారేజీకి ఇచ్చాను, పేరు వద్దులెండి. బానెట్ ఎత్తగానే చూడ్డానికి అందంగా కనబడేలా, ఇంజిన్ వెనకాల, ఎగ్జాస్ట్ వేడి నేరుగా తగిలే చోట బిగించారు. తీగలకు నల్లటి తొడుగు వేసి ముస్తాబు కూడా చేశారు. ఇంటి కింద పార్కింగులో పరీక్షిస్తే మూడు టైర్లకే వేడెక్కి దానంతటదే ఆగిపోయింది. వేలు పోసి కొన్న మోటారు కూడా నా పాత చిన్న మోటారు చేసిన పనే చేసింది!

రెండో రోజు ముసఫాలోనే వెనక వీధిలో కరీంనగర్ కుర్రాడు పనిచేసే చిన్న షెడ్డుకు పోయాను. బానెట్ ఎత్తి, పెదవి విరిచాడు.

"అన్నా, గాలిని ఒత్తితే అదే కాలుతది. మీద ఇంజిన్ సెగ గూడ పెడితే ఎట్ల? పొయ్యి మీద గూసోని విసనకర్ర ఊపుకున్నట్టుంది."

హెడ్‌లైటు వెనకాల రెండో బ్యాటరీకి వదిలిన ఖాళీ చూపించాడు. ముందు జాలీ నుంచి వచ్చే గాలి అక్కడ తగులుతుంది, బ్యాటరీ మూరెడు దూరంలో ఉంది. సీటు కింద పెడదామా అని అడిగాను, ఒక మిత్రుడి బండిలో అలా ఉంది. చల్లగా ఉంటుంది, దుమ్ము రాదు, నిజమే. కానీ బ్యాటరీ నుంచి నాలుగు మీటర్లు తీగ లాగాలి. అంత దూరానికి సన్నటి తీగ వేస్తే దారిలోనే అర వోల్టు పోతుంది, మోటారు నీరసంగా తిరుగుతుంది. పైగా ఆ చప్పుడు పిల్లల కాళ్ల కింద. వద్దనుకున్నాం.

మందపాటి ఇనుప పట్టీ కోసి, వంచి, బాడీకి నాలుగు బోల్టులతో బిగించాడు. నాలుగింటికీ లోపల నైలాన్ ఉన్న నట్లే వేశాడు, ఇసుక దెబ్బలకు మామూలువి వదులైపోతాయని. ఫ్యూజును బ్యాటరీకి జానెడు లోపే పెట్టాడు: తీగ ఎక్కడ రాసుకుని తెగినా మంట పుట్టకుండా. స్విచ్చు నుంచి సన్నతీగ రిలేకు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్చు), బరువు మోసే లావు తీగ రిలే నుంచి మోటారుకు. నెగటివ్‌ను బాడీకి కాకుండా నేరుగా బ్యాటరీకే తెచ్చాడు. మోటారు తల నుంచి బయటికొచ్చే మొదటి గొట్టం మాత్రం రబ్బరుది పీకేసి స్టీలు అల్లిక ఉన్నది వేశాడు. తల దగ్గర గాలి అంత వేడిగా ఉంటుందట. పాత రబ్బరు గొట్టం మూతి అప్పటికే మెత్తబడి జిగురు తేలింది, నాకు చేతిలో పెట్టి చూపించాడు.

ఆఖరున ఒక పాత టీ గ్లాసులో సబ్బు నురుగు కలిపి, బ్రష్షుతో ఒక్కో జాయింటుకూ పూశాడు, ఊళ్లో పంక్చర్ షాపులో ట్యూబును నీళ్లలో ముంచినట్టు. ఒకచోట బుడగ లేచింది. టెఫ్లాన్ టేపు ఇంకో రెండు చుట్లు చుట్టి మళ్లీ పూశాడు. బుడగ లేదు.

ఈ డిసెంబరులో మళ్లీ వెళ్లాం. ఈసారి మదీనత్ జాయెద్ మీదుగా కాకుండా హమీమ్ రోడ్డు పట్టుకున్నాం. ఇది కొంచెం ఒంటరి దారి, కానీ నాకు ఇదే ఇష్టం. దారిలో ఎమిరేట్స్ నేషనల్ ఆటో మ్యూజియం ఉంది, చక్రాల మీద నిలబెట్టిన పెద్ద భూగోళం రోడ్డు మీదికే కనిపిస్తుంది. పిల్లలతో వెళ్తే ఆగాల్సిందే. హమీమ్ దాటాక తెల్లటి ఇసుక మెల్లగా ఎర్రబడుతుంది.

బస సంగతి చెప్పాలి. కస్ర్ అల్ సరాబ్ రిసార్టు ఇసుక దిబ్బల మధ్య కోటలా ఉంటుంది, పెళ్లిరోజుకో పుట్టినరోజుకో తప్ప మా జేబుకు అందదు. ఒకసారి మధ్యాహ్నం భోజనానికి వెళ్లాం, బాల్కనీ నుంచి కనిపించే దిబ్బల వరసకే సగం డబ్బు ఇచ్చామనుకున్నాం. మెజైరాలో గుట్ట మీదున్న లివా హోటల్ పాతది, హంగులు ఆశించొద్దు, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడు మంచం, వేడినీళ్లు దొరికితే చాలనుకుంటే సరిపోతుంది. మేం మాత్రం రోడ్డుకు మూడు కిలోమీటర్ల లోపల దిబ్బ చాటున టెంటు వేశాం. రాత్రి మంచు అంతగా పడింది, పొద్దున టెంటు పిండితే నీళ్లు కారాయి. కట్టెలు, తాగేనీళ్లు అబుదాబి నుంచే తెచ్చుకోండి. మెజైరాలో మలయాళీ కఫెటేరియాలో పరోటా, కరక్ చాయ్ తెల్లవారుజామునే దొరుకుతాయి, ఈ ట్రిప్పులో నేను పూర్తి మార్కులు వేసింది దానికే.

తల్ మొరీబ్ అనే పెద్ద ఇసుక దిబ్బ దగ్గరికి పోయి చూశాం. మూడొందల మీటర్ల ఎత్తంటారు. కింద నిలబడి తల ఎత్తితే టోపీ జారిపోయింది. నా 2.7 బండితో దాన్ని ఎక్కుతానని ఎవరికీ మాటివ్వలేదు, కింద చిన్న దిబ్బల్లోనే రెండు గంటలు ఆడుకున్నాం. ఒకసారి బండి కడుపు ఇసుకకు తగిలి ఇరుక్కున్నాం, పార తీశాం, ఆ సంగతి మా ఆవిడ మీకు ఇంకా బాగా చెబుతుంది.

సాయంత్రం రోడ్డు అంచుకు వచ్చి, ఇంజిన్ ఆపకుండానే స్విచ్చు వేశాను. ఇంజిన్ నడుస్తుంటే వోల్టేజి పడిపోదు. మొదటి టైరు రెండు నిమిషాల పది సెకన్లు. నాలుగూ అయ్యేసరికి, గొట్టం మార్చుకునే టైముతో కలిపి, పన్నెండు నిమిషాలు. వేలితో తడిమితే మోటారు వేడిగానే ఉంది కానీ ఆగలేదు. పక్కనే ఒక తమిళ కుటుంబం ప్రాడోతో నిలబడి ఉంటే, కాసేపు చల్లారనిచ్చి వాళ్ల నాలుగు టైర్లూ కొట్టాను. ఈసారి మెజైరా బంకులో గాలి గొట్టం దగ్గర ఎంత లైను ఉందో చూడను కూడా చూడలేదు.

ఇంటికొచ్చాక బానెట్ ఎత్తితే పట్టీ కింది బోల్టు ఒకటి పావు చుట్టు వదులైంది. శుక్రవారం ముసఫా వెళ్లాలి. పోయినసారి ఆ కుర్రాడు సబ్బు నురుగు పనికి డబ్బులు తీసుకోలేదు. కాకినాడ నుంచి అమ్మ పంపిన కాజా డబ్బా సగం ఉంది, పిల్లలు చూడకముందే బండిలో పెట్టాను.