వెస్ట్‌వుడ్‌లో ఇరానీ భోజనం: కబాబు కంటే ముందు అన్నం చూడండి

లాస్ ఏంజెలెస్‌లో ఒక పూట ఖాళీ దొరికితే వెస్ట్‌వుడ్ బులవార్డుకు వెళ్లండి. 1979 విప్లవం తర్వాత ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు విల్షైర్ బులవార్డుకు దక్షిణంగా ఈ రోడ్డు పొడుగునా కిరాణా కొట్లు, పుస్తకాల షాపులు, హోటళ్లు పెట్టుకున్నారు. జనం నోట దీని పేరు తెహ్రాంజెలెస్. విల్కిన్స్ వీధి మలుపులో 2010 నుంచి ‘పర్షియన్ స్క్వేర్’ అన్న బోర్డు ఉంది. షంషీరీ గ్రిల్, షహర్జాద్ లాంటి పాత హోటళ్లు 1980లలో ఇక్కడే మొదలయ్యాయి.

కొత్తగా వెళ్లినవాళ్లు కబాబు చెప్పి వచ్చేస్తారు. పాత వంటగది పనితనం మాత్రం అన్నంలో తెలుస్తుంది. బియ్యాన్ని ఉప్పునీళ్లలో నానబెట్టి, ఎసట్లో వేసి, పైన మెత్తబడి లోపల పలుకు ఉండగానే వార్చేస్తారు. గిన్నె అడుగున నూనె, కుంకుమపువ్వు నీళ్లు పోసి అన్నాన్ని గోపురంలా పోస్తారు. గరిటె కాడతో అక్కడక్కడా బొక్కలు పెడతారు. మూతకు గుడ్డ చుట్టి సన్నసెగ మీద ముప్పావుగంట నుంచి గంట దాకా మగ్గనిస్తారు. ఆ గుడ్డ లేకపోతే ఆవిరి నీళ్లై కారి అన్నం ముద్దవుతుంది. సెగ ఒకే తీరుగా తగలకపోతే అడుగు ఒకవైపు నల్లబడి, రెండోవైపు తెల్లగా ఉండిపోతుంది.

ఆ అడుగు పొరే తహ్‌దీగ్. ‘తహ్’ అంటే అడుగు, ‘దీగ్’ అంటే గిన్నె. మన ఇళ్లలో పిల్లలు పోట్లాడుకుని గోక్కుతినే మాడు లాంటిదే, కానీ ఇక్కడ దాన్ని కావాలని చేస్తారు. బంగారు రంగులో ఉండి, చెంచాతో కొడితే టక్కున పలకాలి. కొన్నిచోట్ల బియ్యానికి బదులు అడుగున బంగాళాదుంప చక్రాలో, లవాష్ రొట్టో పరుస్తారు. చాలా హోటళ్లు దాని మీద కూర పోసేసి తెస్తాయి. పది నిమిషాలకల్లా నానిపోతుంది కాబట్టి కూర విడిగా తెమ్మని ముందే చెప్పండి. రాత్రి పొద్దుపోయాక వెళితే అయిపోయిందంటారు. గిన్నెకు ఒక్కటే అడుగు కదా!

కూరల్లో ఘోర్మే సబ్జీ తప్పక తెప్పించుకోవాలి. కొత్తిమీర, పార్స్‌లీ, ఎండు మెంతికూర బాగా వేయించి, రాజ్మా, మాంసం, ఎండబెట్టిన నిమ్మకాయలు వేసి గంటల తరబడి ఉడికిస్తారు. రంగు నలుపుకు దగ్గరైన ఆకుపచ్చగా ఉండాలి. లేత ఆకుపచ్చగా మెరుస్తుంటే ఆకు చాలినంత వేగలేదన్నమాట. చేదు ఎక్కువైతే మెంతికూర మోతాదు దాటి ఉంటుంది.

కూబీదే కబాబుకు మాంసం ఖీమాలో ఉల్లిపాయ తురిమి, నీళ్లు పూర్తిగా పిండేసి, జిగురు వచ్చేదాకా పిసుకుతారు. ఉల్లి తడి మిగిలినా, కొవ్వు చాలకపోయినా చువ్వ నుంచి జారి నిప్పుల్లో పడుతుంది. కబాబు పొడవునా వేళ్లతో నొక్కిన గుంటలు కనిపిస్తే అది చేత్తో చేసిందే. కూబీదే ఒక చువ్వ, పల్చగా కొట్టిన ఫిల్లెట్ ‘బర్గ్’ ఒక చువ్వ కలిపి ఇస్తే సుల్తానీ.

మన నాలుకకు ఇదంతా చప్పగా తోస్తుంది. మిరపపొడి అడగొద్దు. అన్నం మీద వెన్న కలిపి, పుల్లటి సుమాక్ పొడి ఒక చెంచా చల్లి, కాల్చిన టమాటా చిదిపి, పచ్చి ఉల్లిపాయ నంజుకోండి. ఇంకా ఘాటు కావాలంటే తోర్షీ అనే వెనిగర్ ఊరగాయ ఉంటుంది. తాగడానికి దూగ్ చెప్పండి: పుదీనా, ఉప్పు వేసిన మజ్జిగే, కొన్నిచోట్ల గ్యాసుతో వస్తుంది.

నలుగురికి ఒక తహ్‌దీగ్, రెండు కూరలు, ఒక సుల్తానీ, ఒక పెరుగు చాలు. ఒక్కో కబాబు పళ్లెంలో అన్నం ఇద్దరికి సరిపోతుంది. మిగిలిన అన్నం కట్టించుకోవచ్చు, తహ్‌దీగ్ మాత్రం అక్కడే తినేయాలి.

శాకాహారులకు కొంచెం ఇబ్బందే. ఘోర్మే సబ్జీ సాధారణంగా మాంసంతోనే ఉడుకుతుంది, ముక్కలు ఏరేసినంత మాత్రాన కుదరదు. వంకాయతో చేసే కష్క్-ఎ బాదెంజాన్, మసూర్ పప్పు అన్నం అదస్ పోలో, షిరాజీ సలాడ్ చూడండి. వీటిలోనూ మాంసం నీళ్లు పోశారేమో అడగాలి. కాల్చిన వంకాయతో చేసే మీర్జా ఘాసెమీలో గుడ్డు ఉంటుంది. హలాల్ కావలసినవాళ్లు కూడా అడిగి తెలుసుకోవాలి, అన్నిచోట్లా ఉండదు.

కారులో వస్తే మీటరు పక్కన స్తంభానికి ఉన్న బోర్డు పూర్తిగా చదవండి. సాయంత్రం కొన్ని గంటలు పార్కింగ్ నిషేధం ఉండొచ్చు. రైల్లో అయితే మెట్రో ‘E’ లైన్‌లో వెస్ట్‌వుడ్/రాంచో పార్క్ స్టేషన్‌లో దిగి, ఉత్తరంగా సుమారు మైలు నడవాలి. మార్చి 20 ప్రాంతంలో ఇరానీ కొత్త సంవత్సరం నౌరూజ్ రోజుల్లో టేబుల్ ముందే చెప్పుకోకపోతే చాలాసేపు నిలబడాలి. పెద్ద గుంపుగా వెళితే సర్వీస్ చార్జీ బిల్లులోనే కలుపుతుంటారు, అది చూశాకే టిప్పు రాయండి.

తీపి హోటల్లో తినకుండా అదే రోడ్డు మీద సాఫ్రన్ అండ్ రోజ్ ఐస్‌క్రీం షాపుకు నడవండి. కుంకుమపువ్వు పిస్తా ఒక స్కూపు, పక్కన ఫాలూదే. హైదరాబాద్ ఫలూదాలా పాలతో ఉండదు. గులాబీ పాకంలో గడ్డకట్టిన సన్నటి సేమ్యా. పైన నిమ్మరసం పిండుకుని తినాలి.