ఆపరేషన్ అని భయపెట్టరు, అర్థమయ్యేలా చెప్తారు: గుంటూరు కొత్తపేటలో ఈ గైనిక్ క్లినిక్ గురించి

మా చెల్లికి పొత్తికడుపులో కుడివైపు నొప్పి వస్తే ముందు వేరే చోట చూపించాం. అక్కడ స్కాన్ చూసి ఓవరీలో గడ్డ ఉంది, వెంటనే తీసేయాలి, లేటైతే రేపు పిల్లలు పుట్టరు అనేశారు. పెళ్ళికాని పిల్ల కదా, అమ్మ అన్నం కూడా సరిగ్గా తినలేదు. తెలిసినవాళ్ళు చెప్తే ఇక్కడికి తీసుకొచ్చాం.

మేడం మళ్ళీ స్కాన్ చేయించారు. పెళ్ళికానివాళ్ళకి పొట్ట మీద నుంచే చేస్తారు కాబట్టి బ్లాడర్ నిండాలి, నా కంప్లైంట్ ఒక్కటే, అదీ ఇక్కడే. రాగానే బాటిల్ నీళ్ళు తాగించేసి గంట పైనే కూర్చోబెట్టారు, పక్కన ఒకమ్మాయి ఆపుకోలేక బాత్రూంకి వెళ్ళొస్తే పాపం మళ్ళీ మొదట్నుంచి తాగమన్నారు. టోకెన్ దగ్గరికొచ్చాక తాగమంటే అయిపోతుంది కదా, దయచేసి ఇది మార్చండి.

స్కాన్ టైంలో స్క్రీన్ మా వైపు తిప్పి మరీ చూపించారు, నల్లటి గుండ్రంలో సాలెగూడులాగా సన్నటి గీతలు. 4.3 సెంటీమీటర్ల హెమరేజిక్ సిస్ట్ అంట. అండం బయటికొచ్చేశాక మిగిలిన చిన్న సంచిలో రక్తం చేరితే ఇలా అవుతుందట, ఎక్కువశాతం రెండు మూడు నెలసర్లలో దానంతటదే కరిగిపోతుందట. "కంగారేం లేదమ్మా, రెండు నెలలాగి డేట్ అయిపోగానే రా, మళ్ళీ చూద్దాం, తగ్గకపోయినా పెరిగినా అప్పుడు ఆలోచిద్దాం" అన్నారు. పీసీఓడీ అంటే ఇదేనా మేడం అని అడిగితే కాదు, అందులో కనిపించేవి ఎదగకుండా ఆగిపోయిన చిన్న చిన్న అండాల సంచులు, అది హార్మోన్ల సమస్య, ఇది వేరు అని విసుక్కోకుండా చెప్పారు. ముందు చోట రాసిన సీఏ 125 టెస్ట్ (ఓవరీ క్యాన్సర్ అనుమానం ఉంటే చేసే రక్తపరీక్ష) కూడా ఇప్పుడు అక్కర్లేదన్నారు, పీరియడ్స్‌లో ఉన్నా ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా అది పెరుగుతుంది, ఊరికే భయపడతారు అని.

నాకు బాగా నచ్చింది చీటీ వెనక తెలుగులో రాసిచ్చింది. ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దాంతో వాంతులు, జ్వరం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏదొచ్చినా రెండు నెలలు ఆగొద్దు, అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి. ఓవరీ మెలిపడితే రక్తం అందక పాడైపోతుందట, అప్పుడు గంటలు కూడా లెక్కేనట.

ఇంకోటి చెప్పాలి. అమ్మ మాటల మధ్యలో నాకూ ఈ మధ్య కడుపు ఉబ్బరంగా ఉంటోందండీ, రెండు ముద్దలకే నిండిపోతోంది, గ్యాస్ అనుకుని ఈనో తాగుతున్నా అంటే మేడం వెంటనే పెన్ను కింద పెట్టేసి ఎన్నాళ్ళ నుంచి, యూరిన్‌కి మాటిమాటికీ వెళ్తున్నారా, డేట్లు ఆగిపోయాక మళ్ళీ బ్లీడింగ్ ఏమన్నా కనపడిందా అని వరసగా అడిగారు. యాభై దాటినవాళ్ళలో ఇలాంటివి వారాల తరబడి ఉంటే గ్యాస్ అని వదిలేయకూడదట, ఓవరీ క్యాన్సర్‌లో కూడా ఇవే కనపడొచ్చట, వయసులో ఉన్న పిల్లకి ఆగి చూడొచ్చు గానీ డేట్లు ఆగిపోయినవాళ్ళ విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా చూడాలట. అమ్మకి కూడా స్కాన్ చేయించారు, దేవుడి దయవల్ల ఏం లేదు, ఉబ్బరం తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు.

చెల్లి రిపీట్ స్కాన్‌లో సిస్ట్ పూర్తిగా పోయింది. సాయంత్రం జనం బాగా ఎక్కువ, పొద్దున్నే వెళ్ళండి, పాత రిపోర్టులూ లాస్ట్ డేట్ ఎప్పుడొచ్చిందో రాసుకునీ వెళ్ళండి, మేడం మొదట అడిగేది అదే.