బందరు డాబా మీద మద్రాసు ఎఫ్ఎం: చేతి రేడియోతో ఆరేళ్లు

ముందు రేడియో సంగతి. అరచేతి కంటే కాస్త పెద్దదైన డీఎస్పీ సెట్, అంటే సిగ్నల్‌ను అంకెలుగా మార్చి చిప్‌లోనే పని కానిచ్చే రకం. మూడు పెన్సిల్ సెల్స్ పడతాయి, నేను కొన్నప్పుడు నాలుగు వేల లోపే. లోపల ఉండేది ఎస్ఐ4734 చిప్. ఇదే చిప్‌తో చాలా బ్రాండ్ల సెట్లు దొరుకుతాయి కాబట్టి పేరుతో పెద్ద పని లేదు. కొనేటప్పుడు చూడాల్సినవి రెండు. ఒకటి, ఫ్రీక్వెన్సీ అంకెలు నొక్కి నేరుగా స్టేషన్‌కు వెళ్లే కీప్యాడ్. రెండు, సిగ్నల్ బలం ఎంతో, నాయిస్ కంటే అది ఎంత పైన ఉందో అంకెల్లో చూపించే డిస్‌ప్లే. ఆ అంకెలే నన్ను దూరపు స్టేషన్లు వెతికే ఈ పిచ్చిలోకి దించాయి.

మాది మచిలీపట్నం. కొన్న ఏడాది ఏప్రిల్‌లో ఒక రాత్రి కరెంటు పోయి డాబా ఎక్కాను. 98.3లో విజయవాడ మిర్చి వస్తోంది. ఏదో బట్టల షాపు ప్రకటన. “ఈ ఆఫర్ ఆదివారం వరకే” అంటూనే గొంతు మారిపోయి తమిళం మొదలైంది. గరగర లేదు, మధ్యలో ఖాళీ లేదు. పది సెకన్ల తర్వాత మళ్లీ తెలుగు. సెట్ పాడైందనే అనుకున్నాను. తర్వాత తెలిసింది, చెన్నై మిర్చిది కూడా 98.3యే. ఎఫ్ఎంలో రెండు సిగ్నళ్లు ఒకే చోట పడితే బలమైనది రెండోదాన్ని పూర్తిగా మింగేస్తుంది. బలాలు అటూ ఇటూ ఊగుతుంటే రేడియో ఇలా రెండు భాషల్లో మాట్లాడుతుంది. 93.5లోనూ ఇదే తంతు, విజయవాడ రెడ్ ఎఫ్ఎం మీద చెన్నై సూర్యన్ ఎఫ్ఎం.

ఎఫ్ఎం మామూలుగా ఏ డెబ్బై, ఎనభై కిలోమీటర్లకో నీరసపడుతుంది. ఇక్కణ్ణుంచి చెన్నై సుమారు 350. అయినా వస్తోందంటే గాలి చలవే. పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడాలి. కానీ మార్చి నుంచి మే దాకా పడమటి వడగాలి సముద్రం మీదికి పోతుంది. కింద తడిగా, చల్లగా ఉండే ఉప్పుగాలి, దాని మీద వేడి పొడి గాలి మూతలా కూర్చుంటాయి. తరంగం ఆ మూత దగ్గర వంగి మళ్లీ కిందికి దిగుతుంది, గొట్టంలో నీళ్లలా సముద్రం పొడవునా సాగిపోతుంది. దీన్నే ట్రోపో డక్టింగ్ అంటారు. 1957లో కాలిఫోర్నియా, హవాయి మధ్య హ్యామ్ రేడియోవాళ్లు (సరదాగా సొంత వైర్‌లెస్ సెట్లతో మాట్లాడుకునేవాళ్లు) ఇలాంటి గాలి దారిలోనే 144 మెగాహెర్ట్జ్ మీద నాలుగు వేల కిలోమీటర్ల దూరం మాట్లాడుకున్నారు. నా 350 ఏపాటి!

విచిత్రమేమిటంటే, ఇంకా దగ్గరున్న విశాఖ నాకు ఆరేళ్లలో వచ్చింది నాలుగైదు సార్లే. అటువైపు దారంతా గోదావరి డెల్టా, నేల. చెన్నై వైపు దాదాపు అంతా నీళ్లే.

ఊళ్లోని వాతావరణ కేంద్రం పైగాలి వేడి, తడి కొలవడానికి వదిలే బెలూన్ లెక్కలు నెట్‌లో దొరుకుతాయి, స్టేషన్ నంబరు 43185. సాయంత్రం లెక్కలో కొన్ని వందల మీటర్ల ఎత్తున వేడి పెరిగినట్టు కనిపిస్తే ఆ రాత్రి నా పడక డాబా మీదే. “అర్ధరాత్రి ఈ తమిళ పాటలేంటండీ, ఒక్క ముక్క అర్థమవుతుందా మీకు?” అని మా ఆవిడ. అర్థం కాదు. నాకు కావలసింది స్టేషన్ పేరు చెప్పే ఆ రెండు సెకన్లు. ఆ లెక్కన హలో ఎఫ్ఎం 106.4 చాలా మంచిది, గంటకు పదిసార్లు పేరు చెప్పుకుంటుంది. ఆకాశవాణి చెన్నై రెయిన్‌బో 101.4 కూడా మంచి రాత్రుల్లో స్టీరియోలో వస్తుంది. ఎఫ్ఎం గోల్డ్ 102.3 మాత్రం ఇప్పటిదాకా దక్కలేదు. పక్కనే 102.2లో విజయవాడ కృష్ణవేణి ఎఫ్ఎం గట్టిగా కూర్చుంది.

ఇక్కడే ఏరియల్ కిటుకు చెప్పాలి. అందరూ దాన్ని నిటారుగా లాగి పెడతారు. అడ్డంగా పడుకోబెట్టి, కొనను విజయవాడ వైపు గురిపెట్టండి. ఏరియల్‌కు కొన వైపు నుంచి వచ్చే సిగ్నల్ సరిగా పట్టదు. విజయవాడ తగ్గుతుంది, దాదాపు అడ్డంగా ఉన్న చెన్నై నిలబడుతుంది. 98.3లో ఒక రాత్రి, నాయిస్ కంటే సిగ్నల్ ఎంత పైన ఉందో చెప్పే అంకె 6 నుంచి 19కి లేచింది, నేను చేసిందల్లా సెట్‌ను పిట్టగోడ మీద పావు వంతు తిప్పడమే. చెయ్యి తీస్తే మళ్లీ 15.

ఈ కిటుకు తెలియక ముందు విజయవాడలో ఒక షాపువాడి మాట నమ్మి పన్నెండు వందలు పెట్టి టీవీ బూస్టర్ కొన్నాను. దాంతో విజయవాడ స్టేషన్లే ఒక్కోటి మూడేసి చోట్ల ప్రత్యక్షమయ్యాయి, చెన్నై మాయమైంది. వాడు వెనక్కి తీసుకోలేదు. ఇప్పుడది అటక మీద ఉంది.

అన్నిటికంటే దూరం శ్రీలంక. రెండేళ్ల కిందట మే నెలలో తెల్లవారుజామున నాలుగున్నరకి సింహళంలో ఎవరో మాట్లాడుతున్నారు. తమిళమైతే అనుమానించాలి, సింహళమైతే ఇంకెక్కడి నుంచి వస్తుంది? ఉత్తర లంక అనుకున్నా 700 కిలోమీటర్ల పైమాటే. ఫోన్‌లో రికార్డు చేద్దామని కిందికి పరిగెత్తి వచ్చేసరికి ఇంట్లో ఎవరో ఎల్ఈడీ బల్బు వేసినట్టున్నారు, రేడియోలో దాని జుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ లేదు. బల్బు ఆర్పించాక కూడా అది మళ్లీ రాలేదు.

సెట్‌కు ఈ ఊరి ఉప్పుగాలి పడలేదు. సెల్స్ పెట్టే చోట స్ప్రింగులు రెండుసార్లు చిలుము పట్టాయి, నిమ్మరసంతో తోమి, బాగా ఆరబెట్టాను. ఏరియల్ మడిచే కీలు మూడో ఏట విరిగితే మెకానిక్ పాత టేప్‌రికార్డర్‌ది తెచ్చి అతికించాడు. అది అర అడుగు పొడవెక్కువ, నాకు నష్టం లేదు.

హైదరాబాద్‌లో మా బావమరిది నా మాట విని ఇలాంటిదే కొన్నాడు. రెండేళ్లుగా లోకల్ స్టేషన్లే వింటున్నాడు, పండక్కి వచ్చినప్పుడల్లా నాలుగు వేలు గుర్తుచేస్తాడు. నెల్లూరు, ఒంగోలు, చీరాల, కాకినాడ లాంటి తీరం ఊళ్లవాళ్లయితే కొనొచ్చు. జూన్‌లో వానలు మొదలయ్యాక వెతక్కండి, వాయుగుండం రోజుల్లో అసలే వద్దు. నేనైతే జూన్ రాగానే సెల్స్ తీసేసి, సెట్‌ను బియ్యం డబ్బా పక్కన పొడిగా దాచి, మళ్లీ ఫిబ్రవరిలోనే తీస్తాను.