జాగ్రత్త: ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ‘ఇంటి డెంగీ పరీక్ష’ కిట్లు

ఈ వానాకాలంలో దేవరకొండ దగ్గర ఉండే మా మేనల్లుడికి జ్వరం విడవకపోవడంతో, అక్కావాళ్లు ఆన్‌లైన్‌లో ఒక డెంగీ ర్యాపిడ్ కిట్ తెప్పించారు. ‘ఇంట్లోనే 15 నిమిషాల్లో డెంగీ నిర్ధారణ’ అని అమ్మకందారు ప్రకటించుకున్న ఆ కిట్ నెగటివ్ చూపించింది. మరునాటికి జ్వరం తగ్గింది గానీ కడుపునొప్పి, ఆగని వాంతులు మొదలయ్యాయి. వెంటనే నల్లగొండలో ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొస్తే, ఎలైజా అనే ల్యాబ్ రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. పిల్లవాడు కోలుకున్నాడు. అయితే అదే కిట్ ఇంకా అమ్మకంలో ఉంది కనుక ఇది రాస్తున్నాను.

తరువాత ఆ పెట్టెను నేను జాగ్రత్తగా పరిశీలించాను. పైన అంటించిన స్టిక్కర్ మీద గడువు వచ్చే ఏడాది దాకా ఉంది; లోపలి రేకు పొట్లం మీద అచ్చయిన తేదీ ప్రకారం ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. స్టిక్కర్ ఊడదీస్తే దాని కింద ‘శిక్షణ పొందిన వైద్య సిబ్బంది వాడకానికి మాత్రమే’ అనే ఇంగ్లిషు వాక్యం బయటపడింది. నెగటివ్ వచ్చినంత మాత్రాన డెంగీ లేదని అనుకోరాదని లోపలి కాగితంలో కంపెనీయే రాసింది. అంటే తయారీదారు చేసిన హెచ్చరికను అమ్మకందారు కప్పిపెట్టి అమ్మాడు. ఇది పొరపాటున జరిగే పని కాదు.

పరీక్ష పట్టీ మీద ‘సీ’ అక్షరం దగ్గర వచ్చే కంట్రోల్ గీత స్పష్టంగా వచ్చింది కదా, కిట్ బాగానే ఉంది కదా అని చాలామంది నమ్ముతారు. ఆ గీత రాకపోతే పరీక్ష చెల్లదు, అది నిజమే. కానీ అది వచ్చినంత మాత్రాన, నమూనా పట్టీ పొడవునా పారిందని తెలుస్తుందే తప్ప, జబ్బును పట్టే రసాయనం చెడిపోలేదనే హామీ దొరకదు. ఈ కిట్‌ను 30 డిగ్రీల లోపు నిల్వ ఉంచాలని పొట్లం మీదే ఉంది. ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే మన జిల్లాలో రేకుల గోదాములోనో, కొరియర్ బండిలోనో అది ఎన్నాళ్లు మగ్గిందో కొనేవారికి తెలిసే దారి లేదు.

కిట్ మంచిదైనా మరో చిక్కుంది. రక్తంలో ఎన్ఎస్1 అనే డెంగీ వైరస్ ప్రొటీన్‌ను వెతికే పరీక్ష జ్వరం వచ్చిన తొలి 5 రోజుల్లోనే బాగా పనిచేస్తుంది. ఆ తరువాత వైరస్ మీద శరీరం తయారుచేసుకునే ఐజీఎం అనే యాంటీబాడీని చూడాలి. ఇదివరకే ఒకసారి డెంగీ వచ్చినవారిలో ఎన్ఎస్1 ఇంకా తొందరగా మాయమవుతుంది. ప్రభుత్వం కూడా నిర్ధారణకు ఎలైజానే లెక్కలోకి తీసుకుంటుంది. పైగా డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం తగ్గే సమయంలోనే మొదలవుతుంది. ఆ రోజుల్లో తీవ్రమైన కడుపునొప్పి, పదేపదే వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత కనిపిస్తే కిట్ ఏమి చూపినా ఆసుపత్రికి వెళ్లండి. డెంగీ అనుమానం ఉన్నంతకాలం నొప్పుల కోసం ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేయకండి.

ఇంట్లో చేసుకునే పరీక్షలన్నీ వద్దని నేను అనడం లేదు. గర్భ నిర్ధారణ పట్టీ, గ్లూకోమీటర్ ఇంటి వాడకానికే తయారైనవి. అయినా ఏది కొన్నా బ్యాచ్ నంబరు, గడువు, నిల్వ ఉష్ణోగ్రత, తయారీ లేదా దిగుమతి లైసెన్సు నంబరు పెట్టె మీద ఉన్నాయో లేదో చూడండి. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం అవి ఉండి తీరాలి. పెట్టె మీది తేదీని పొట్లం మీది తేదీతో సరిపోల్చండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

వైద్య సామగ్రికి వాపసు లేదంటూ అమ్మకందారు మా బావ మాటను కొట్టిపారేశాడు. అయితే 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించడం ఆ ఆన్‌లైన్ అమ్మకాల వేదిక బాధ్యత. మీకూ ఇలాంటి కిట్ వచ్చి ఉంటే పెట్టె, పొట్లం, స్టిక్కర్, బిల్లు ఏదీ పారేయకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. గడువు తేదీ మార్చిన సంగతిని రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు కూడా తెలియజేయండి. బ్యాచ్ నంబరు మీ చేతిలో ఉంటేనే మిగిలిన సరుకును వారు వెతికి పట్టుకోగలరు.