కోనాం చేపలో పురుగుల్ని నరాలని చెప్పారు, జాగ్రత్త

శ్రీకాకుళంలో ఇళ్ళకి చేప తెచ్చే బండి గురించే. రోజూ కొనేవాళ్ళకి ఏ బండో తెలుసు. ఈ ఉదయం మూడు కిలోల కోనాం, 2,400 రూపాయలు. "తెల్లారే కళింగపట్నంలో ఒడ్డుకొచ్చింది" అన్నారు. కడుపు విప్పించకుండా డబ్బిచ్చేశాను, అది నా తప్పే.

కోస్తే కార్జం మీద వాచీ స్ప్రింగులా చుట్టుకున్న తెల్ల పురుగులు, పొట్ట కండలో ఇంకో నాలుగు. ఫోన్ చేస్తే "నరాలండీ అవి, ఉప్పూ నిమ్మకాయా పట్టించండి, పోతాయి" అని పెట్టేశారు. రోజూ చేప కోసే మనిషికి నరమేదో పురుగేదో తెలీదా?

నరమైతే కండని పట్టుకునే ఉంటుంది, లాగితే పాయలుగా చీలుతుంది. ఇది మొత్తంగా ఊడొచ్చింది. రెండు సెంటీమీటర్ల పైనే పొడవు, ఒళ్ళు గుండ్రం, కణుపుల్లేవు, రెండు కొసలూ సన్నం. అనిసాకిస్ జాతి పిల్లపురుగులు సరిగ్గా ఇలాగే ఉంటాయి, మన ఏలికపాముల వర్గమే. లీటరు గోరువెచ్చని నీళ్ళలో 9 గ్రాముల ఉప్పు కలిపి అందులో వేస్తే కాసేపటికే మెలికలు తిరిగింది. ఏ నరం మెలికలు తిరుగుతుందండీ? ఐసులో ఇవి మొద్దుబారి పడుంటాయి, వెచ్చదనం తగిలితే కదుల్తాయి. బాగా గడ్డకట్టించిన చేపలోవి చచ్చుంటాయి కాబట్టి అప్పుడు ఆకారమే చూడాలి. చేప జనలో, అంటే గుడ్ల సంచిలో, ఎర్రటి దారంలా కనిపించేది వేరే జాతి, ఫిలోమెట్రా, అది మనిషికి పట్టదు. కండలో బియ్యపు గింజల్లా ఉండేవి బద్దెపురుగు పిల్లలు.

సముద్రపు చేపలో పురుగుండటం అమ్మేవాళ్ళ తప్పు కాదు. కడుపు తియ్యకుండా ఉంచడం తప్పు. చేప చచ్చాక పేగుల్లోవి కొన్ని పొట్ట కండలోకి తొలుచుకుపోతాయి. ఇక ఆ నిమ్మకాయ సలహా మరీ ప్రమాదం: ఆ పులుపుకీ ఉప్పుకీ అవి చావవు. ముక్క లోపలిదాకా 60 డిగ్రీల వేడి కనీసం ఒక నిమిషం తగలాలి, లేదా మైనస్ 20లో 7 రోజులుండాలి. ఇంట్లో ఫ్రీజర్ అంత చల్లబడుతుందన్న నమ్మకం లేదు. పులుసు బాగా మరిగితే పరవాలేదు. పెనం మీద పైపైన వేగిన మందపు ముక్కలతోనే భయం. బతికున్నది లోపలికెళ్తే కొన్ని గంటల్లోనే విపరీతమైన కడుపునొప్పి రావచ్చు. ఎలర్జీ ఉన్నవాళ్ళకి చచ్చిన పురుగుతోనూ దద్దుర్లు రావచ్చు.

డబ్బిచ్చే ముందు కడుపు విప్పించి కార్జం చూడండి. పొట్ట ముక్క పల్చగా కోయించి వెనక ఫోన్ లైటు పెట్టండి, చుట్టలు కనబడతాయి.