ముత్యాల గర్భం తీసేశాక హెచ్‌సీజీ దిగకపోతే ఏ సూది మేలు: మెథోట్రెక్సేటా, యాక్టినోమైసినా?

ముందు ధైర్యం చెప్పే మాట. తక్కువ రిస్క్ కేసు అని డాక్టర్ తేల్చితే, ఈ రెండు మందుల్లో దేనితో మొదలుపెట్టినా, అది సరిపోకపోతే రెండోది వేసి, చివరికి దాదాపు అందరినీ బాగుచేస్తారు. చాలామందికి గర్భసంచి కూడా నిలుస్తుంది, తర్వాత పిల్లలు పుడతారు. కీమో అనే మాట చెవిన పడగానే ఇంట్లో ఏడుపులు మొదలవుతాయి కాబట్టి ఇది మొదటే రాస్తున్నా. ప్రాణభయం పక్కన పెడితే మిగిలేవి బస్సు ప్రయాణాలు, నోటి పూత, జుట్టు, చేతి నరాలు, చంటిబిడ్డ ఉంటే ఎవరు చూసుకుంటారు అనే లెక్కలు. నా తూకం వాటి మీదే.

తెలియని వాళ్లకు రెండు ముక్కలు. ముత్యాల గర్భంలో బిడ్డ సరిగా ఏర్పడదు, మాయ మాత్రం నీటి బుడగలతో ద్రాక్ష గుత్తిలా పెరిగిపోతుంది. నెల తప్పుతుంది, టెస్టు పాజిటివ్ వస్తుంది, వాంతులు మామూలుకన్నా ఎక్కువ, తర్వాత రక్తస్రావం, స్కాన్‌లో బయటపడుతుంది. సక్షన్ పెట్టి తీసేస్తారు. చాలామందికి కథ అక్కడితో అయిపోతుంది, కానీ పూర్తి ముత్యాల గర్భం అయితే నూటికి 15 నుంచి 20 మందికి, పాక్షికం అయితే 5 లోపు మందికి ఆ కణాలు లోపలే నిలిచి మళ్లీ పెరుగుతాయి. అది కనిపెట్టడానికే వారం వారం రక్తంలో హెచ్‌సీజీ అనే గర్భం హార్మోన్ ఎంతుందో చూసేది.

మా వదిన చెల్లెలిది పాకాల దగ్గర పల్లె. సక్షన్ అయ్యాక మొదట్లో బాగానే దిగిన అంకె ఒకచోట ఆగిపోయింది: 2,140, వారానికి 2,060, ఇంకో వారానికి 2,190, ఆ తర్వాత 2,110. ఇంట్లోవాళ్లు "ఒకసారి తగ్గింది కదా, ఇంకో నెల చూద్దాం" అన్నారు. ఇలా మూడు వారాల పాటు నాలుగు రీడింగులు అటూ ఇటూ పది శాతం లోపే ఆడితే దిగడం ఆగిందనే లెక్క, చికిత్స మొదలుపెట్టాల్సిందే. రెండు వారాల్లో వరసగా మూడు రీడింగులు పది శాతం దాటి పెరిగినా అంతే. ఇందులో ఒక చిక్కు ఉంది: చిత్తూరులో ఒక ల్యాబ్, తిరుపతిలో ఇంకో ల్యాబ్ అని మార్చి మార్చి చేయిస్తే అంకెలు పోల్చడానికే పనికిరావు, మెషీన్ మారితే రీడింగు మారుతుంది. ఒకే ల్యాబ్ పట్టుకోండి, కాగితాలన్నీ తేదీల వరసలో ఒక ఫైల్లో పెట్టుకోండి.

ఇక మందులు. మెథోట్రెక్సేట్ అంటే మనకు కాస్త సొంత మందు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ యాసిడ్ తయారీ వచ్చింది, ఆ ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే ఈ మందూ వచ్చింది. ఆయన 1948లోనే పోయారు. 1956లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలో లీ, హెర్ట్జ్ అనే డాక్టర్లు ఇదే మందుతో, ఒళ్లంతా పాకిన మాయ క్యాన్సర్‌ను తగ్గించి చూపించారు. గడ్డగా పెరిగే క్యాన్సర్ ఒక్క మందుతోనే మాయమవడం అప్పటికి ఎవరూ ఊహించని సంగతి.

దీన్ని వేసే పద్ధతులు రకరకాలు, అసలు గందరగోళం అంతా ఇక్కడే. ఎనిమిది రోజుల పద్ధతిలో 1, 3, 5, 7 రోజుల్లో 50 మిల్లీగ్రాముల చొప్పున కండకు సూది, మధ్య రోజుల్లో విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్, రెండు వారాలకోసారి మళ్లీ మొదలు. ఇంకో పద్ధతిలో వారానికొక్క సూది, అంతే. జుట్టు సాధారణంగా ఊడదు. నోరు పూస్తుంది, కళ్లు మండుతాయి, కొందరికి ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టు ఉంటుంది. లివర్, కిడ్నీ బాగుండాలి. పొట్టలోనో ఊపిరితిత్తుల చుట్టూనో నీరు చేరి ఉంటే మందు అందులో నిలిచిపోయి దెబ్బతీస్తుంది. ధర మాత్రం బాగా తక్కువ.

యాక్టినోమైసిన్-డీ పుట్టింది మట్టిలోని సూక్ష్మజీవి నుంచి, 1940లో అమెరికా శాస్త్రవేత్త వాక్స్‌మన్ ప్రయోగశాలలో మొదలైన కుటుంబం ఇది. రెండు వారాలకు ఒక్కసారి, ఒంటి కొలతను బట్టి చదరపు మీటరుకు 1.25 మిల్లీగ్రాములు, 2 మిల్లీగ్రాములు దాటకుండా, నరంలోకి ఎక్కిస్తారు. అర మిల్లీగ్రాము వయల్స్ కాబట్టి మన ఆడవాళ్లలో చాలామందికి మూడు నాలుగు పడతాయి, ఖర్చు ఎక్కువ. ఎక్కించేటప్పుడు చూస్తే తెలుస్తుంది నర్సు ఎంత జాగ్రత్తగా ఉంటుందో: కొత్తగా నరం పట్టుకుని, ముందు సెలైన్ వదిలి, సిరంజి వెనక్కి లాగితే రక్తం వస్తోందా అని చూసి, అప్పుడు మందు, మళ్లీ సెలైన్. నరం తప్పి కండలోకి జారితే చర్మం కుళ్లిపోతుంది. చెయ్యి చురుక్కుమన్నా, మంటనిపించినా మొహమాటపడకుండా అప్పుడే "అక్కా, మండతా ఉంది" అని చెప్పాలి. వాంతులు ఎక్కువే, వాటికి ముందే మందులిస్తారు. జుట్టు కొంత పలచబడుతుంది. తిరుపతిలో గుండుతో కనిపించినా ఎవరూ రెండోసారి చూడరు, కొండకు పోయొచ్చిందిలే అనుకుంటారు. కానీ పాతికేళ్ల పిల్లకు దువ్వెన నిండా వెంట్రుకలు వస్తే ఆ బాధ వేరే, దాన్ని తేలిగ్గా తీసేయొద్దు.

పరిశోధనలు ఏమంటున్నాయి? 2011లో వచ్చిన పెద్ద అమెరికన్ ట్రయల్లో యాక్టినోమైసిన్‌తో 70 శాతం మందికి, మెథోట్రెక్సేట్‌తో 53 శాతం మందికి పూర్తిగా తగ్గింది. ఈ ఒక్క లైను చూసి యాక్టినోమైసిన్ గెలిచిందని చాలాచోట్ల రాసేస్తారు. అయితే అందులో మెథోట్రెక్సేట్ ఇచ్చింది వారానికొక్క సూది పద్ధతిలో, అదీ చదరపు మీటరుకు 30 మిల్లీగ్రాముల చిన్న మోతాదుతో. కాళ్లు కట్టేసి పరుగు పందెం పెట్టినట్టే కదా అని నాకు అనిపిస్తుంది. సరే, రెండింటినీ సరైన పద్ధతిలో పోలుద్దామని ఇంకో అంతర్జాతీయ ట్రయల్ మొదలుపెట్టారు, 384 మంది కావాలనుకుంటే చేరింది 57 మంది, అక్కడితో ఆపేశారు. 2020లో ఫలితాలు వచ్చాయి: ఒక్కో విడతలో చాలా రోజులు సూదులు వేసే పద్ధతిలో ఇచ్చిన మెథోట్రెక్సేట్‌తో 88 శాతం, యాక్టినోమైసిన్‌తో 79 శాతం. అంత తక్కువ మందితో ఆ తేడా నిజమో యాదృచ్ఛికమో చెప్పలేం. అరుదైన జబ్బుల గతే ఇంత, దేశాలన్నీ కలిసినా పేషెంట్లు చాలరు. నోటి పూత మెథోట్రెక్సేట్ వైపు ఎక్కువ అన్నది మాత్రం అందులోనూ కనిపించింది.

నాకు అర్థమైనంతవరకు, వారానికొకటి మెథోట్రెక్సేట్ అయితే యాక్టినోమైసిన్ మేలు. ఎనిమిది రోజుల మెథోట్రెక్సేట్ అయితే రెండూ దాదాపు సమానం, అప్పుడు ఊరు ఎంత దూరం అన్నదే తేలుస్తుంది. తిరుపతి టౌన్లో ఉండేవాళ్లకు, ఆటో ఎక్కితే పావుగంటలో ఆసుపత్రి, నాలుగు సూదులు పెద్ద లెక్క కాదు, నేనైతే మెథోట్రెక్సేట్‌తోనే మొదలుపెట్టమంటా. కుప్పం వైపు వాళ్లకు రోజు విడిచి రోజు రావడం అయ్యే పని కాదు, అద్దెకు గది తీసుకోవాలి, మొగుడు పని మానుకోవాలి. వాళ్లకు రెండు వారాలకోసారి వచ్చి ఎక్కించుకుని పోయే యాక్టినోమైసిన్ సుఖం. మధ్య దారి ఒకటుంది: మొదటి విడత పెద్దాసుపత్రిలో చేయించుకుని, తర్వాతి మెథోట్రెక్సేట్ సూదులు దగ్గర ఊరి ఆసుపత్రిలో వేయించుకోవచ్చా అని డాక్టర్నే అడగడం. రాసిచ్చేది, మోతాదు చూసేది మాత్రం ఈ జబ్బు తెలిసిన డాక్టరే అయ్యుండాలి. చిత్తూరు వాళ్లు వేలూరు సీఎంసీకి పోవడం అలవాటే, తిరుపతిలో మెటర్నిటీ ఆసుపత్రి, స్విమ్స్ ఉన్నాయి. ఎక్కడికి పోయినా ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందా అని మొదటి రోజే కౌంటర్లో కనుక్కోండి.

పెద్దవాళ్లు చెప్పే మూడో దారి మీకు తెలిసిందే. "సంచి తీపిచ్చేస్తే పీడ పోతాది కదమ్మే" అని మా అత్త కూడా అంది. గర్భసంచి తీసేయించుకోవడంలో మన రాష్ట్రం దేశంలోనే ముందు వరసలో ఉంది కాబట్టి ఆ మాట అంత తేలిగ్గా వస్తుంది. పిల్లలు చాలనుకున్న, వయసు మళ్లిన ఆవిడకు అది సరైన దారి కావచ్చు, మందు అవసరం తగ్గుతుంది. కానీ కణాలు ఊపిరితిత్తులకు చేరి ఉండొచ్చు కాబట్టి సంచి తీసేసినా హెచ్‌సీజీ చూడటం తప్పదు. రెండోసారి క్లీనింగ్, అంటే సంచి లోపల మళ్లీ శుభ్రం చేయడం అనేది ఇంకొకటి: 2016లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో 60 మందిలో 40 శాతానికి దానితోనే తగ్గింది, సంచికి చిల్లు పడే ప్రమాదం, రక్తస్రావం ఉంటాయి. అందరికీ పనికొచ్చేది కాదు, అడిగి చూడొచ్చు.

ఇదంతా రిస్క్ స్కోరు (జబ్బు ఎంత మొండిదో అంచనా వేయడానికి డాక్టర్ వేసే మార్కులు) 6 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవాళ్లకే. అందులోనూ 5, 6 వస్తే ఒక్క మందుతో లొంగకపోవడం ఎక్కువ, 7 గానీ అంతకు మించి గానీ వస్తే మొదటి నుంచే కలిపి ఇచ్చే మందులు. స్కోరు ఎంతో అడిగి రాయించుకోండి.

పాకాల అమ్మాయి మెథోట్రెక్సేటే తీసుకుంటోంది, మా ఇంట్లో ఉండి. నోరు పూసినప్పుడు పెరుగన్నం, మజ్జిగ తప్ప ఏదీ దిగలేదు. వాళ్లమ్మ మంచి ఉద్దేశంతోనే గర్భం అప్పుడు మిగిలిన ఫోలిక్ యాసిడ్ బిళ్లలు సంచిలో పెట్టి పంపింది, అవి మందు బలాన్ని తగ్గిస్తాయి కాబట్టి తీసి పక్కన పెట్టించాం. నొప్పి బిళ్లలు కూడా డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు, కొన్ని ఈ మందుతో కిడ్నీకి చేటు. హెచ్‌సీజీ మామూలుకు వచ్చినా ఇంకో రెండు మూడు విడతలు వేస్తారు, "తగ్గింది కదా" అని అక్కడ మానేసేవాళ్లకే జబ్బు తిరగబెట్టే అవకాశం ఎక్కువ. మందు అయిపోయాక ఏడాది గర్భం రాకుండా చూసుకోవాలి, వస్తే హెచ్‌సీజీ పెరిగింది బిడ్డ వల్లనో జబ్బు వల్లనో తెలియదు. ఆ తర్వాత నెల తప్పినప్పుడు తొలి వారాల్లోనే స్కాన్ చేయించుకుంటే సరి, మళ్లీ ముత్యాల గర్భం వచ్చేది నూటికి ఒకరిద్దరికే.